తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లు మళ్లీ ఎంతవరకు నడుస్తారో ముందే చెప్పొచ్చా?

నీలిమేఘం
అమ్మకి 78 ఏళ్లు. బాత్రూంలో జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, లోపల రాడ్డు వేశారు. ఎక్స్‌రే చూపించి "బాగా కూర్చుంది" అన్నారు సర్జన్. మళ్లీ మామూలుగా నడుస్తుందా అని అడిగితే "చూద్దాం, వయసు కదా" అని వెళ్లిపోయారు. ఫిజియో ఏమో "తప్పకుండా నడుస్తారు" అంటోంది. పక్క మంచం పేషెంటు బంధువులేమో "ఈ వయసులో తుంటి విరిగితే ఇక మంచమే" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? సెలవు ఎన్నాళ్లు పెట్టాలి, అమ్మ గదిని మేడ మీంచి కిందికి మార్చాలా, పగలు చూసుకోడానికి మనిషిని పెట్టుకోవాలా, అన్నీ ఈ జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి. గుండె జబ్బులకి ఏవో స్కోర్లు ఉంటాయి కదా, దీనికి అలాంటివి లేవా? ఉంటే మాకెందుకు చెప్పరు?

సుబ్బు_వరండా
మా పెదనాన్న 84 ఏళ్లప్పుడు పడ్డాడు. ఇప్పుడు చేతికర్రతో వీధి చివరిదాకా వెళ్లొస్తాడు. మా అత్తయ్యకి 70 ఏళ్లే, ఆవిడ మాత్రం మళ్లీ గుమ్మం దాటలేదు. వయసొక్కటి చూసి చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఫిజియో_లత
@నీలిమేఘం, పడటానికి ముందు అమ్మగారు ఎలా ఉండేవారో చెప్పండి. ఇంట్లో ఎవరి సాయం లేకుండా తిరిగేవారా? ఒంటరిగా బయటికి వెళ్లేవారా? కొట్టుకి వెళ్లి సరుకులు తెచ్చుకునేవారా? ఆపరేషన్ ఎంత బాగా జరిగిందన్న దానికన్నా ఈ మూడు జవాబులే ఎక్కువ చెప్తాయి.

ఇవి నేను ఊరికే అడగడం లేదు. న్యూ మొబిలిటీ స్కోర్ అని ఒకటి ఉంది, పార్కర్, పామర్ అనే ఇద్దరు 1993లో ప్రచురించారు. ఉన్నవి ఈ మూడు ప్రశ్నలే. ఏ ఇబ్బందీ లేకుండా చేసుకుంటే 3, కర్రో వాకరో ఉంటే 2, ఇంకో మనిషి సాయం కావాలంటే 1, అసలు చెయ్యలేకపోతే 0. మొత్తం 9కి. పడక ముందు ఎలా ఉన్నారో దానికే మార్కులు వెయ్యాలి, ఇప్పటి పరిస్థితికి కాదు.

నీలిమేఘం
ఇంట్లో తనే అన్నీ చేసుకునేది. బయటికి ఒంటరిగానే వెళ్లేది, కర్ర లేదు. సరుకులకి మాత్రం ఈమధ్య నన్నో తమ్ముడినో తోడు తీసుకెళ్లేది, సంచులు మొయ్యలేక. అంటే 3, 3, 1. మొత్తం 7?

ఫిజియో_లత
7 మంచి స్కోరే. 5, అంతకన్నా తక్కువ వస్తే కొంచెం ఎక్కువ జాగ్రత్తపడతాం.

లెక్కల_మాస్టారు
7 వచ్చింది కదా అని సంతోషపడే ముందు ఒక మాట. నేను వైద్యుణ్ని కాదు, గణాంకాలు చెప్పే పని నాది. పై స్కోరు మొదట ఏడాదిలోపు ఎవరు చనిపోయే అవకాశం ఎక్కువో చూడటానికి పరీక్షించినది. నడక తిరిగి రావడం గురించి వాడకం తర్వాత వచ్చింది. ఇంకోటి నాటింగ్‌హామ్ హిప్ ఫ్రాక్చర్ స్కోర్. అందులో వయసు, ఆడా మగా, హిమోగ్లోబిన్, జ్ఞాపకశక్తి పరీక్ష, సంరక్షణ గృహంలో ఉంటారా, ఎన్ని జబ్బులు, క్యాన్సర్ ఉందా అన్నవి చూస్తారు. అది లెక్కకట్టేది 30 రోజుల్లో మరణం ముప్పుని. దాన్ని పట్టుకుని "మీ అమ్మ నడవదు" అనడం తప్పు. బతకడం వేరే ప్రశ్న, నడవడం వేరే ప్రశ్న.

ఆ నడవడంలో కూడా ఏ నడక అన్నది చూడాలి. మంచం నుంచి బాత్రూం దాకానా, వీధిలోకా, మెట్లెక్కడమా? ఒక్కో అధ్యయనం ఒక్కోదాన్ని "కోలుకోవడం" అంటుంది. అందుకే అంకెలు అంత తేడాగా ఉంటాయి. మొత్తం మీద చూస్తే, పడక ముందున్న నడకని తిరిగి అందుకునేవాళ్లు 40 నుంచి 60 శాతం దాకా ఉంటారు. ఏడాదిలో చనిపోయేవాళ్లు సుమారు 20 నుంచి 30 శాతం. పక్క మంచం వాళ్ల మాటా నిజం కాదు, "తప్పకుండా" అన్న మాటా నిజం కాదు.

ఫిజియో_లత
"తప్పకుండా" అనడం నాకూ ఇష్టం లేదు. కానీ మంచం మీద భయంతో బిగుసుకుపోయిన మనిషితో "40 నుంచి 60 శాతం" అంటే లేచి నిలబడుతుందా? నీలిమేఘం వాళ్ల ఆస్పత్రి ఫిజియో ఎందుకలా అందో నాకు అర్థమవుతుంది.

లెక్కల_మాస్టారు
పేషెంటుతో అనడం వేరు. సెలవు ఎన్నాళ్లో తేల్చుకోవాల్సిన కొడుకుతోనో కూతురితోనో అనడం వేరు.

రామచిలుక
మా అమ్మమ్మని లేపడానికి వచ్చిన ఫిజియో "నడుస్తారా బామ్మా" అంటే "నడవకపోతే నిన్ను వదిలించుకోవడం ఎలా" అందిట. మూడో రోజుకే వాకర్ పట్టుకుంది.

సుబ్బు_వరండా
@రామచిలుక, ఆ మాట స్కోరులో చేర్చాలి. నోరు ఉందా, 3 మార్కులు.

వృద్ధుల_వైద్యం
పెద్దవయసు వాళ్లని చూసే డాక్టర్ని నేను. పై మాటలకి కొంత కలుపుతాను, కొంచెం పెద్ద పోస్టు.

పడక ముందు మనిషి ఎలా ఉన్నారన్నదే అన్నిటికన్నా బలమైన సూచిక. అందులో లత గారితో వాదన లేదు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం లాంటి రోజువారీ పనుల్ని కొలిచే కాట్జ్ సూచీ 1963లో వచ్చింది. దాని పునాదే తుంటి విరిగిన పెద్దవాళ్లని గమనించడం. ఈ ప్రశ్న అంత పాతది.

దాని తర్వాత జ్ఞాపకశక్తి. తర్వాత మొత్తం బలహీనత, అంటే బరువు తగ్గిపోవడం, చేతి పట్టు సడలడం, చిన్న పనికే అలసిపోవడం. రక్తహీనత, తక్కువ పోషణ, డిప్రెషన్, ఇంట్లో చూసుకునే మనిషి లేకపోవడం కూడా లెక్కలోకి వస్తాయి. వయసు నిజంగానే ముఖ్యం, కానీ దాని ప్రభావంలో చాలా భాగం ఇవే. చురుగ్గా ఉన్న 88 ఏళ్ల మనిషి, ఇప్పటికే ఇంట్లో గోడ పట్టుకుని నడిచే 70 ఏళ్ల మనిషికన్నా బాగా కోలుకోవచ్చు.

ఇవన్నీ పడక ముందే తేలిపోయిన విషయాలు. ఆపరేషన్ తర్వాత మొదటి మూడు రోజులు చూస్తే అంచనా బాగా మెరుగవుతుంది. మంచంలోంచి లేచి మళ్లీ పడుకోవడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నాలుగడుగులు నడవడం, ఈ మూడు చూస్తాం. ఎవరి సాయం లేకుండా చేస్తే 2, మనిషి సాయంతో చేస్తే 1, సాయం చేసినా కుదరకపోతే 0. రోజుకి 6, మూడు రోజులకి 18. దీన్ని క్యుములేటెడ్ ఆంబులేషన్ స్కోర్ అంటారు. మా వార్డులో రోజూ రాస్తాం. ఒక రోజు అంకె కన్నా అది పెరుగుతోందా ఆగిపోయిందా అన్నదే నేను ముందు చూస్తాను. ఆగిపోతే కారణం వెతకాలి. నొప్పా, రక్తం తక్కువా, మూత్రం ఆగిపోయిందా, అయోమయమా?

పెద్దకోడలు
@వృద్ధుల_వైద్యం, జ్ఞాపకశక్తి అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా మామగారికి కొంచెం మతిమరుపు ఉంది. తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక "ఈయనకి చెప్పింది అర్థం కాదు, ఫిజియో దండగ" అని రెండో రోజు నుంచి రావడం మానేశారు. ఆస్పత్రి పేరు చెప్పను. ఇంటికి తెచ్చేసరికి వీపు కింద పుండు. మీరు ముందే తేలిపోయింది అంటుంటే ఒళ్లు మండుతోంది. తేల్చింది ఎవరు?

లెక్కల_మాస్టారు
@పెద్దకోడలు అడిగింది ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మతిమరుపు ఉన్నవాళ్లు తక్కువగా కోలుకుంటారని పాత రికార్డులు చెప్తాయి. అది చూసి వాళ్లకి ఫిజియో తగ్గిస్తారు. ఫిజియో లేక వాళ్లు నడవరు. అది మళ్లీ రికార్డుల్లో చేరి, తర్వాత వచ్చేవాడి అంచనాని ఇంకా కిందికి లాగుతుంది. చివరికి అంచనా నిజమైనట్టే కనబడుతుంది, నిజం చేసింది మాత్రం మనమే. పైగా చాలా అధ్యయనాలు మతిమరుపు ఉన్నవాళ్లని మొదట్లోనే పక్కన పెట్టేస్తాయి. చూడని వాళ్ల గురించి లెక్క ఏం చెప్తుంది?

వృద్ధుల_వైద్యం
@పెద్దకోడలు, మీ కోపం న్యాయమే. "తేలిపోయింది" అన్నది పడక ముందటి పరిస్థితి గురించి, తర్వాత చెయ్యాల్సిన వైద్యం గురించి కాదు. ఫిన్లాండ్‌లో జరిగిన పరిశోధన ఒకటి 2000లో వచ్చింది. తేలికపాటి, మధ్యస్థ మతిమరుపు ఉన్నవాళ్లకి కూడా వృద్ధుల వైద్య బృందంతో గట్టిగా పునరావాసం (మళ్లీ తమ పనులు తాము చేసుకునేలా ఇచ్చే శిక్షణ) ఇస్తే చాలామంది తిరిగి ఇంటికి వెళ్లి ఉండగలిగారు. వాళ్లకి పద్ధతి మార్చి చెప్పాలి. ఒకే మనిషి, ఒకే వేళ, చిన్న మాటలు, చేసి చూపించడం. "పదిసార్లు కాలు ఎత్తండి" అంటే ఎత్తరు. "రండి, కిటికీ దాకా వెళ్లి చూద్దాం" అంటే లేస్తారు.

ఫిజియో_లత
కిటికీ ఎప్పుడూ పనిచేస్తుంది 🙂

పెద్దకోడలు
మా మామగారు పాత పాటలు పెడితే లేచేవారు. ఇంటికొచ్చాక మేమే నడిపించాం. ఇప్పుడు వాకర్‌తో హాలంతా తిరుగుతున్నారు. చెప్పింది అర్థం కాదన్న మనిషి!

నీలిమేఘం
అయోమయం అన్నారు కదా. అమ్మకి మతిమరుపు ఏమీ లేదు. కానీ నిన్న రాత్రి నుంచి నన్ను వాళ్ల అక్క అనుకుని మాట్లాడుతోంది, సెలైన్ పైపు లాగేసింది. పొద్దున మళ్లీ మామూలుగానే ఉంది. ఆపరేషన్ మత్తు వల్ల అని నర్సు అంది. భయపడాలా?

వృద్ధుల_వైద్యం
ఇది ఇవాళే వార్డు డాక్టరుకి చెప్పండి, రేపటిదాకా ఆగొద్దు. దీన్ని డెలీరియం అంటారు. హఠాత్తుగా వచ్చి, గంటగంటకీ మారుతూ, రాత్రిపూట ఎక్కువవుతుంది. తుంటి ఆపరేషన్ తర్వాత చాలా మామూలు. మామూలే అని వదిలేస్తే మాత్రం నడక వెనకబడుతుంది, ఇంటికి వెళ్లడం ఆలస్యమవుతుంది. ఎక్కువసార్లు కారణం దొరుకుతుంది. నొప్పి, మూత్రం ఆగడం, మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, నిద్ర మాత్రలు.

మీరు చెయ్యగలిగినవి: కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే వెంటనే పెట్టండి. పగలు వెలుతురులో కూర్చోబెట్టండి, రాత్రి దీపం తగ్గించండి. తెలిసిన ముఖం దగ్గరుండాలి. ఈ రోజు తేదీ, ఎక్కడున్నారో, ఏం జరిగిందో మెల్లగా చెప్తుండండి. చేతులు కట్టెయ్యనివ్వకండి.

ఇంకో మాట. అరిచి పైపులు పీకేవాళ్లని అందరూ గమనిస్తారు. రోజంతా మగతగా, నోరు మెదపకుండా పడుకున్నవాళ్లని "పాపం, రెస్ట్ తీసుకుంటున్నారు" అంటారు. అదీ డెలీరియమే కావచ్చు.

కిరణ్_ఆర్థో
ఇదంతా సరే, ఆపరేషన్‌కి అసలు విలువే లేనట్టు మాట్లాడుతున్నారు. త్వరగా చేస్తే త్వరగా లేస్తారు. 17 దేశాల్లో 2,970 మందితో హిప్ అటాక్ అని పరిశోధన చేశారు, 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎముక విరిగిందని తేలాక సగటున 6 గంటల్లో చేసినవాళ్లకి, 24 గంటలకి చేసినవాళ్లకి మరణాల్లో తేడా రాలేదు. కానీ త్వరగా చేసినవాళ్లలో డెలీరియం తగ్గింది, ముందుగా నిలబడ్డారు, ఇంటికీ ముందుగా వెళ్లారు.

సుబ్బు_వరండా
మా అత్తయ్యకి పూర్తి మత్తు ఇచ్చారు. వెన్నుకి ఇచ్చి ఉంటే బాగా కోలుకునేదని మావాళ్లు ఇప్పటికీ బాధపడతారు.

కిరణ్_ఆర్థో
ఆ బాధ అక్కర్లేదని మీవాళ్లకి చెప్పండి. సరిగ్గా దీని మీదే 1,600 మందితో రీగెయిన్ అనే పరిశోధన జరిగింది, 2021లో వచ్చింది. 60 రోజులకి చనిపోయినవాళ్లని, సాయం లేకుండా నడవలేకపోయినవాళ్లని కలిపి లెక్కేస్తే రెండు రకాల మత్తుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. డెలీరియంలోనూ దాదాపు సమానమే.

సుబ్బు_వరండా
ఈ రాత్రే మా బావకి చెప్తాను. ఆ మాట మనసులో పెట్టుకుని చాలా కాలంగా కుమిలిపోతున్నాడు.

నిద్రలేని_రాత్రి
నాన్నకి కాలు మీద బరువు వెయ్యొద్దని చెప్పారు, నెలన్నర దాకా. అదీ నడకని దెబ్బ తీస్తుందా?

ఫిజియో_లత
ఎందుకు వద్దన్నారో సర్జన్ని అడగండి. తుంటి విరిగినప్పుడు ఆపరేషన్ చేసేదే మర్నాడు నిలబెట్టడానికి. భరించగలిగినంత బరువు వెయ్యనివ్వడమే ఇప్పుడు ఎక్కువగా పాటించే పద్ధతి. పెద్దవాళ్లు ఒక కాలు గాల్లో పెట్టుకుని వాకర్‌తో గెంతలేరు. బరువు వద్దు అంటే చాలామందికి అసలు లేవొద్దు అన్నట్టే. కొన్ని విరుపుల్లో నిజంగానే కారణం ఉంటుంది, కాబట్టి మీ అంతట మీరు మొదలుపెట్టకండి. అడిగి తేల్చుకోండి.

కిరణ్_ఆర్థో
లత గారితో ఏకీభవిస్తున్నా. ఇంకొకటి, విరిగిన చోటు కూడా మొదటి వారాల్లో తేడా చూపిస్తుంది. @నీలిమేఘం, రాడ్డు వేశారంటే బహుశా కీలు బయట విరిగి ఉంటుంది. అక్కడ రక్తం ఎక్కువ పోతుంది, తొడ కండరం మొదట్లో బాగా నీరసపడుతుంది. కీలు మార్చినవాళ్లతో పోల్చి "వాళ్లు అప్పుడే నడుస్తున్నారు, అమ్మ ఇంకా లేవట్లేదు" అని టెన్షన్ పడొద్దు. హిమోగ్లోబిన్ ఎంతుందో అడగండి.

నీలిమేఘం
డాక్టరుకి చెప్పాను. మూత్రం ఆగి ఉందని తేలింది, ఇప్పుడు చాలా నయం. ఇవాళ కుర్చీలో కూర్చుంది. అందరికీ థాంక్స్. ఇక నా అసలు ప్రశ్న, ఎన్నాళ్లు?

వృద్ధుల_వైద్యం
దీనికి కొంత కచ్చితంగా చెప్పొచ్చు. అమెరికాలోని బాల్టిమోర్‌లో తుంటి విరిగిన పెద్దవాళ్లని రెండేళ్లపాటు గమనించి 2000లో ఫలితాలు ప్రచురించారు. అన్నీ ఒకేసారి తిరిగి రావు. దిగులు, చేతులతో చేసే పనులు, ఆలోచనలో తేరుకోవడం సుమారు 4 నెలలకి ఒక స్థాయికి వచ్చి ఆగుతాయి. నడక, నిలకడ అంతకన్నా ఎక్కువ కాలం తీసుకుంటాయి. స్నానం, కింది బట్టలు వేసుకోవడం లాంటి కాళ్ల పనులు దాదాపు 11 నెలల దాకా మెరుగవుతూనే ఉంటాయి. మూడో నెలలో "ఇంతే ఇక" అని వదిలేసేవాళ్లు చాలామంది. ఆ నెలలో ఆపడానికి కారణమే లేదు.

లెక్కల_మాస్టారు
ఇది సగటు అని మర్చిపోకండి. 7 స్కోరు వచ్చిన వందమందిలో ఎంతమంది నడుస్తారో చెప్పడం సులువు, ఆ వందలో మీ అమ్మగారు ఎవరో చెప్పడం కష్టం. కాబట్టి ఒకేసారి తీర్మానం చెయ్యకుండా, వారానికోసారి అంచనా మార్చుకునేలా ప్లాన్ వేసుకోండి. సెలవు మొత్తం ఇప్పుడే వాడెయ్యొద్దు, కొంత అట్టే పెట్టుకోండి. గది మాత్రం కిందికి మార్చండి, బాగైతే మళ్లీ పైకి వెళ్లొచ్చు.

రామచిలుక
ఎక్కువ ఫిజియో పెట్టిస్తే ఎక్కువ నడుస్తారా? ఇంటికి పిలిపించి ఎంతకాలమైనా చేయించొచ్చా?

ఫిజియో_లత
నా వృత్తికి వ్యతిరేకంగా ఉన్నా నిజం చెప్పాలి. మామూలు పునరావాసం అయిపోయాక ఒక గుంపుకి ఇంకో 16 వారాలు ఇంటి దగ్గర గట్టి వ్యాయామాలు చేయించి, అవి చేయించని ఇంకో గుంపుతో పోల్చి చూశారు, 2019లో ఫలితం వచ్చింది. 6 నిమిషాల్లో 300 మీటర్లు నడవగలిగినవాళ్లు రెండు గుంపుల్లోనూ సుమారు ఐదోవంతే, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని వ్యాయామం వృథా అనను. నాకు కనబడే తేడా ఎక్కడంటే, ఫిజియో వెళ్లిపోయాక మిగతా రోజంతా పేషెంటు ఎక్కడుంటారు? మంచంలోనా, కుర్చీలోనా? భోజనానికి టేబుల్ దగ్గరికి నడిచి వస్తారా, మంచం దగ్గరికే పళ్లెం వస్తుందా? ప్రేమతో అన్నీ చేతికి అందించే ఇళ్లలోనే కాళ్లు త్వరగా పడిపోవడం చూశాను.

పెద్దకోడలు
ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

నిద్రలేని_రాత్రి
నాన్నకి నొప్పి కన్నా మళ్లీ పడతానేమో అన్న భయమే ఎక్కువ.

వృద్ధుల_వైద్యం
ఆ భయం ఒక్కటే మనిషిని కూర్చోబెట్టేస్తుంది, దాన్ని చిన్నదిగా తీసుకోకండి. మళ్లీ పడకుండా ఇల్లు సర్దండి, చూపు పరీక్ష చేయించండి, తల తిరిగించే మందులున్నాయేమో చూపించండి. ఎముకల మందు గురించి డిశ్చార్జ్ ముందే అడగండి, చాలా చోట్ల ఎవరూ ఎత్తరు. 2007లో వచ్చిన పరిశోధన ఒకటి ఉంది. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు మొదలుపెట్టి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇస్తే కొత్త విరుపులు 35 శాతం తగ్గాయి, మరణాలు 28 శాతం తగ్గాయి. కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చూశాకే ఇస్తారు.

నీలిమేఘం
రాసుకున్నాను. గది కిందికి మారుస్తున్నాం, తమ్ముడు ఆ పనిలోనే ఉన్నాడు. కానీ ఇంటి ముందు మూడు మెట్లు తప్పవు. డిశ్చార్జ్ రోజు ఎలా ఎక్కించాలి? కుర్చీతో ఎత్తుకెళ్లాలా?

ఫిజియో_లత
ఎత్తొద్దు. డిశ్చార్జ్‌కి ముందే ఆస్పత్రి మెట్ల మీద సాధన చేయించమని ఫిజియోని అడగండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, తర్వాత ఆపరేషన్ కాలు, కర్ర. దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ కాలు ముందు, తర్వాత మంచి కాలు. ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు మీరు వెనక, దిగేటప్పుడు ముందు నిలబడండి. రెయిలింగ్ లేకపోతే ఈలోపే పెట్టించండి.

నీలిమేఘం
లేదు. తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.